నిమ్మకొమ్మపై పికిలి

కడియము దాపున గోదావరి కాలువగట్టు నానుకొని మాకొక పెంకుటిల్లును, ఇంటివెనుక నొక నుయ్యియు, నూతిప్రక్క నొక ముదురు నిమ్మచెట్టును ఉండెడివి. ఆ చెట్టునకు తూర్పుగా, నడుమ దడియైన లేక, మా మేనమామగారి జామతోట మొదలయ్యెడిది. 1960 ప్రాంతమున, శ్రావణ శుద్ధ పంచమినాటి సాయంకాలము, వాన వెలిసి చూరునుండి చినుకులు రాలుచున్న వేళ, మామయ్య తడిసిన చేపలవల నొకదానిని భుజమున వేసికొని, దానియందు జానెడు మేర తెగియున్న కంతను రెండుచేతులతో విప్పి చూపుచు మా పెరటివసారాలో అడుగిడెను. అప్పుడు మొదలైన వాదము దీపములు పెట్టు వేళ దాటువఱకు సాగినది. పండ్రెండేండ్ల బాలుడనై స్తంభము నానుకొని వినిన మాటలను ఇన్నాళ్లకు వ్రాయుచున్నాను గనుక అక్షరాక్షరము అవియే యని చెప్పజాలను. ఎవరిది యే పక్షమో, ఏ మాటకు ఏ మాట యడ్డువచ్చినదో మాత్రము చక్కగ జ్ఞాపకమున్నది.

మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించువారు. మామయ్య నాలుగవ ఫారముతో చదువు చాలించి తోటపనియందు నిలిచినవాడు. వివాదమునకు కారణము పికిలిపిట్ట. పిగిలి యనియు నందురు, పట్టణవాసులు బుల్‌బుల్ అందురు. గోరువంకకంటె సన్ననిదై, జానెడు పొడవు గలిగి, నల్లని తలపై పొట్టి జుట్టును, పొలుసులవలె అంచులు తేలిన గోధుమవన్నె యొడలును, ఎగిరినప్పుడు మెఱయు తెల్లని నడుమును, తోక మొదట క్రిందివైపున కుంకుమ చల్లినట్లు ఎఱ్ఱని మచ్చయు గల యీ పక్షిని చూడని తెలుగు పెరడు లేదనవచ్చును. చూచి, ఇది యెట్లు బ్రదుకుచున్నదో యని యొక్క గడియ నిలిచినవారు మాత్రము తక్కువ.

మామయ్య: బావగారూ, ఈ కంతకు మీరే సమాధానము చెప్పవలెను. రేవులో బెస్తవారికడ పాతవల కొని, రెండుదినములు కూర్చుండి చిరుగులన్నియు నా చేతితో నేనే అల్లి, పది చెట్లపై కప్పించితిని. నేటి యుదయమున అందొక పికిలి చిక్కుకొనెను. నన్నొక కేక వేసినచో నేనే వచ్చి విడిపించియుందును. అక్కయ్య కత్తెర తెచ్చి నిలువున కత్తిరించి దానిని వదలివేసినది.

అమ్మ: నీవు వచ్చునంతవఱకు అది బ్రదికియుండునా, తమ్ముడూ? దారము మెడకు చుట్టుకొని నోరు తెఱచియున్నది. అదిగాక నిమ్మచెట్టు గూటిలో గ్రుడ్లున్నవి. వలలో చిక్కినది ఆ గూటి తల్లియో, తండ్రియో, పరాయిదో నాకేమి తెలియును? ఆడదియు మగదియు ఒక్కతీరుననే యుండును గదా! తల్లియే యైనచో గ్రుడ్లు చల్లబడునని నా భయము. వదలిన యరగంటకు గూటిలో పిట్ట కూర్చుండుట చూచినదాక నేను పొయ్యికడకు పోలేదు.

మామయ్య: తల్లియైన నేమి, తండ్రియైన నేమి, దొంగయే గదా! చిలుకయు దొంగయే, అయినను అది పట్టిన కాయను కాలితో పట్టుకొని కొంతవఱకైన తినును. ఈ పికిలి యట్లు కాదు. దోరముగ్గిన జామపండును చూచి తొడిమకడ వ్రాలి, నాలుగు పోట్లు పొడిచి, గుజ్జు కనబడగానే దానిని విడిచి ప్రక్కపండునకు పోవును. దాని కడుపులోనికి పోయినది నాలుగు పండ్లకు ఒక్కపండైనను కాదు. చెడినవి మాత్రము నాలుగును. పొడిచినచోట చీమ పట్టును, ఈగ ముసరును, మఱునాటికి పండు క్రుళ్లును. గంపల నెత్తించి రాజమహేంద్రవరము బజారునకు పంపినప్పుడు పొడుపున్న పండును ఎవడు కొనును?

నాన్నగారు: నీ కష్టమును కాదనను, బావా. కాని నీవు వ్రాసికొనిన పద్దులో ఖర్చు మాత్రమే యున్నది, జమ లేదు. పెరిగిన పిట్టకు పండు ప్రధానమైనను, దాని పిల్ల గ్రుడ్డు వెడలిన తొలిదినములలో పురుగులతోనే బలియును. ఆకుపచ్చని గొంగళిపురుగు, మిడుతపిల్ల, సాలీడు, వానకు పుట్టలనుండి వెడలు ఉసిళ్లు, ఏది దొరికిన నది, తెల్లవాఱినది మొదలు చీకటిపడువఱకు తల్లియు తండ్రియు మాఱి మాఱి మోయును. ఆ పురుగులు తినునది ఎవరి చెట్ల యాకులు?

మామయ్య: జమ యున్నదనుచున్నారు గాని దానిని తూచినవారెవరు? నష్టము నేను లెక్కించి చెప్పగలను. లాభము మీ నోట తప్ప నా తోటలో నాకు కనబడుట లేదు. జామకు పట్టు పురుగు పండులోపల నుండును. దానిని పికిలి యేరి తినుట నేను చూడలేదు.

నాన్నగారు: లోపలి పురుగు మాట నిజమే, ఆ లాభము దానికి ఆరోపింపను. అయినను ఇంకొక సంగతి వినుము. పెక్కు జంతువులకు సి-విటమిను దేహమునందే తయారగును. ఆవునకు, మేకకు, కుక్కకు దానికై వెదకుకొననక్కఱ లేదు. మనుష్యునకును కోతికిని ఆ శక్తి లేదు. 1958లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు చెందిన రాయ్, గుహ యనువారు పక్షులను పరీక్షించి, ఈ పికిలికిని ఆ శక్తి లేదని ప్రకటించిరి. కావున పండు దానికి రుచి మాత్రమే కాదు, ప్రాణావసరము. ఆ విటమిను మెండుగా గల పండ్లలో నీ జామ యొకటి. నీ బిడ్డకును ఆ పిట్టకును ఒక్క లోపమే యున్నది. ఒక్క చెట్టు క్రిందికే యిద్దఱును వత్తురు.

మామయ్య: అట్లయినచో నిమ్మపండు తినుమనుడు, గూడు దానియందే కట్టినది గదా! మర్రిపండ్లు లేవా, రావిపండ్లు లేవా, కాలువగట్టున మేడిచెట్టు లేదా? దేవుడిచ్చిన పండ్లుండగా నేను నీరు పెట్టిన పండే కావలెనా?

నాన్నగారు: అవియును తినుచునే యున్నది. మర్రి, రావి, మేడి, వేప, మండువేసవిలో ఈతపండ్లు, పూచిన కాలమున బూరుగుపూలలోని తేనె. మిరపచెట్టునకు వ్రాలి పండుమిరపను మ్రింగినను దానికి కంటనీరు రాదు, మనకు మండు కారము పక్షుల నోటికి తెలియదు గనుక. తినిన గింజలను అరగింపక యెక్కడనో విడుచును. గంధపుచెట్టు అడవిలో ఎవరును నాటకయే మొలచుచున్నదనిన, ఇట్టి పిట్టల కడుపులో ప్రయాణము చేసి వచ్చిన గింజలే కారణము. నీవు నీరు పెట్టిన చెట్టును నీదనుచున్నావు. గట్టుమీది వేప నాటినదెవరు?

మామయ్య: గంధము నాటినదని పొగడుచున్నారు, గట్టులనిండ పులికంప నాటినదెవరు? ఆ కంప మన దేశపుది కాదని మీరే చెప్పితిరి. దాని నల్లని పండ్లు తిని నా పొలములో విడుచుచున్నది మీ పికిలియే. ఏటేట కూలి యిచ్చి కొట్టించుచున్నాను. దానికి గంధమును తెలియదు, కంపయును తెలియదు. మేలని చెప్పినచో రెంటికిని చెప్పుడు. కీడని చెప్పినచో రెంటికిని చెప్పుడు.

ఈ ఘట్టమున నేనొక మాట చేర్చుట న్యాయము. నాడు మామయ్యకు తెలియని సాక్ష్యము లోకమున మఱికొంత కలదు. పసిఫిక్ సముద్రమునందలి ఫిజీ ద్వీపములకు ఈ పక్షి 1903 ప్రాంతమున భారతీయ కూలీలవెంట చేరినదని చెప్పుదురు. చెఱకుతోటలలో పనికై మదరాసు రేవునుండి దక్షిణదేశీయులను, వారిలో మన తెలుగువారిని గూడ, ఓడలకెత్తుట ఆరంభమైనదియు ఆ 1903లోనే. ఇల్లు విడిచి సముద్రము దాటిన మనుష్యుడు పంజరములో నొక పెరటిపిట్టను వెంటగొనిపోవుట నాకు కన్నీరు తెప్పించు విషయము. కాని ఆ పంజరము తెఱచుకొనిన వెనుక జరిగినది వేఱు. ఫిజీలోను, తరువాత టాంగా, సమోవా, తాహితీ ద్వీపములలోను, 1960 దశకమునుండి హవాయి ద్వీపములలోని ఓఅహులోను పికిలి విపరీతముగ వ్యాపించి పండ్లతోటలకును పూలతోటలకును నష్టకారి యైనది. కలుపుమొక్కల గింజలను మోసినది. అచ్చటి పక్షులతో కలహించినది. ప్రపంచమున మిక్కిలి హానికరములైన పరస్థలజీవుల జాబితాగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ప్రకటించిన నూఱింటిలో దీని పేరును కలదు. మామయ్య యిది వినియున్నచో ఆనాడే గెలిచితిననుకొనియుండును. నా మట్టుకు నాకు తోచునది, అచ్చటి తప్పు పిట్టది కాదు, దానిని ఒడ్డు దాటించిన చేతులది యని. మన యూర దీనికి జెముడుకాకి కలదు, తొండ కలదు, పాము కలదు, చాతకము కలదు. ఆ పగవారందఱును లేనిచోటికి కొనిపోయి విడిచినప్పుడు ఏ జీవి మాత్రము హద్దులో నుండును? అయినను మామయ్య కంపను గుఱించి చెప్పిన మాట సత్యమేయని నే నిప్పుడు ఒప్పుకొందును. నాన్నగారును ఆనాడు కొంతసేపు పలుకలేదు.

మామయ్య: పోనీ, పాటకైనను దీని నింత లాలింపవలెనా? వేకువజామున నా కిటికీకడ నాలుగు ముక్కల కూత. అదియే మరల, అదియే మరల. పేరు చూడబోయిన బుల్‌బుల్! పారసీక కవులు పొగడిన బుల్‌బుల్ వేఱొక పక్షియని మీరే యొకనాడు చెప్పితిరి. పేరును గూడ పరులది కాజేసినది.

నాన్నగారు: కాజేసినది అది కాదు, పెట్టినది మనుష్యులు. గులాబీతోటలో రాత్రివేళ పాడునని పారసీకులు చెప్పు పక్షి మన దక్షిణదేశమున లేనే లేదు. దాని పేరు తెచ్చి దీనికి తగిలించిరి. ఐరోపా పండితులు చేసినది ఇంకను విచిత్రము. 1760లో బ్రిస్సన్ అను ఫ్రెంచి పండితుడు, ఇది ఆఫ్రికా దక్షిణాగ్రమునుండి వచ్చినదని పొరబడి వర్ణించెను. 1766లో లిన్నేయస్ దానినే నమ్మి ఆఫ్రికావాసి యను నర్థము వచ్చు ‘కేఫర్’ అను శాస్త్రనామము పెట్టెను. ఆఫ్రికాలో నిది పుట్టనే లేదు. తప్పని తెలిసియు, ముందు పెట్టిన పేరు మార్పరాదను నియమముచేత అదియే నిలిచినది. దాని కూతను చెవినిడి పిలిచినట్లుండునది మన తెలుగుపేరు. ఇక పాట మాట. కోకిలను నీవును మెచ్చుకొందువు. చైత్రమున తోటలో నది కూయగా పని యాపి వినుట నేను చూచితిని. ఆ కోకిల తన గ్రుడ్డును కాకిగూటిలో పెట్టి పోవును. గూడు కట్టుట యెఱుగదు, పిల్లకు పెట్టుట యెఱుగదు. పికము పంచమమున పాడును గాక. ఈ పికిలి నాలుగు ముక్కలలోనే పాడి, తన యిల్లు తాను కట్టుకొని, తన బిడ్డను తాను పెంచుకొనును.

మామయ్య: తన యిల్లు కట్టుకొనును, ఇరుగుపొరుగుతో కొట్లాడును. దీని గుణము తెలిసియే పూర్వులు దీనిని పందెములకు పెంచిరి.

నాన్నగారు: పెంచిరి. నెల్లూరున వైద్యాధికారిగ నుండిన జెర్డన్ దొర మన పక్షుల తెలుగుపేళ్లను గూడ సేకరించి, 1862 మొదలుకొని అచ్చువేయించిన గ్రంథమున వ్రాసినాడు: కర్నాటిక్ సీమలో పికిలిని దారముతో కట్టి వ్రేలిపై నిలిపికొని పందెమునకు తెచ్చెడివారనియు, పోరునప్పుడు ఒకటి రెండవదాని తోకక్రింది యెఱ్ఱని యీకలను పట్టి పీకెడిదనియు. ఆ యీకలు దానికి భగవంతు డిచ్చినది దేనికో మీ యక్కయ్య నడుగుము. నాకంటె నామె చూచినది యెక్కువ.

అమ్మ అంతవఱకు చేటలో బియ్యమేరుచు ఇద్దఱి మాటలును వినుచుండెను. చేట ప్రక్కకు పెట్టి, ఏ కథయైనను చెప్పునప్పటివలె నిదానముగ చెప్పినది. నాన్నగారి గ్రంథములనుండి నేను పిదప నేర్చుకొన్నదానికిని, ఆనాడు ఆమె చెప్పినదానికిని భేదము నా కెచ్చటను కనబడలేదు.

అమ్మ: జ్యేష్ఠమాసపు చివర తొలకరి పడిన మూడవనాడు రెండు పిట్టలు నిమ్మచెట్టునకు వచ్చినవి. ఒకటి తోకను క్రిందికి వంచి విసనకఱ్ఱవలె విప్పి, ఆ యెఱ్ఱదనము కనబడునట్లు రెక్కలు వణకించుచు రెండవదాని యెదుట నిలిచెను. పోరుటకు కాదు, తమ్ముడూ, పెండ్లికి. మఱునాటినుండి పుల్లలు మోయసాగినవి. సన్నని వేళ్లు, గడ్డిపోచలు, ఎండుటాకు తొడిమలు. బయటివైపున సాలెగూటి పోగులు తెచ్చి చుట్టి యతికినవి. అయిదాఱు దినములకు నా దోసిలిలో పట్టునంత గిన్నె యయినది. ఎంత పలుచనయనిన, క్రిందనుండి చూచినచో కంతలలో ఆకాశము కనబడును. దినమున కొకటి చొప్పున మూడు గ్రుడ్లు పెట్టినది. గులాబివన్నె తేలిన తెలుపుపై ఎఱ్ఱని చుక్కలు, పెద్దతల వైపున చుక్కలు క్రమ్ముకొని యున్నవి. పదునాలుగు దినములు పొదిగినది. ఆషాఢపు గాలివాన వచ్చిన రాత్రి లాంతరు పట్టుకొని చూచితిని. రెక్కలు చాపి గూటి యంచులను కప్పుకొని కూర్చున్నది, వీపుమీదనుండి నీరు కాఱుచున్నది, కదలలేదు.

మామయ్య: ఆ రాత్రి నా తోటలో రెండు చెట్లు వ్రాలినవి.

అమ్మ: అవును, దాని గూటిలోను ఒక గ్రుడ్డు చెడినది. రెండే పగిలినవి. పిల్లలు పుట్టినప్పుడు చూచియుండవలసినది. ఒంటిమీద నూగైన లేదు, కన్ను తెఱవలేదు, మెడ నిలువదు. నోరు తెఱచుట మాత్రము పుట్టుకతో నేర్చినవి. కొమ్మ కదలినచో చాలును, రెండు నోళ్లు పైకి లేచును. మొదట పురుగులే. వారము గడచిన పిదప మేడిపండ్లు, పులికంపపండ్లు గూడ తెచ్చినవి. మేత పెట్టిన వెంటనే పోవు. ఒక్క క్షణమాగి చూచును. పిల్ల వెనుకకు తిరిగి తెల్లని సంచివలె రెట్ట విడుచును. తల్లి దానిని ముక్కుతో నందుకొని మ్రింగును. మొదట నాకు రోతగా తోచినది. పిదప గూడు చూచితిని. పండ్రెండు దినములు ఇద్దఱు బిడ్డలున్న యిల్లు ఎంత శుభ్రముగ నున్నదనుకొన్నావు! పొత్తిగుడ్డలుతికిన చేతులకు అందులో రోత యేమున్నది? తొమ్మిదవనాడో పదవనాడో జెముడుకాకి వచ్చి యొకదానిని ఎత్తుకొనిపోయినది. మిగిలినది పండ్రెండవనాడు గూటి యంచునెక్కి, కరివేపచెట్టుపైకి గంతు వేయబోయి నేలపై బడి, నూతిగట్టుక్రింద దూఱినది. తోక యింకను పూర్తిగ రాలేదు, తోకక్రింద ఎఱుపు వెలవెలబోయియున్నది. తల్లియు తండ్రియు గూటిని మఱచి నేలకే మేత తెచ్చినవి. పిల్లిని నేను మూడుదినములు వంటయింటిలో కట్టివేసితిని. ఇప్పుడది మీ తోటలోనే తిరుగుచున్నది. నీ పండ్లు పొడుచుచునే యుండును. ఆ జంటయే, నే నెఱిగినంతలో, ఈ శ్రావణము పుట్టకముందే అదే చెట్టున ఇంకను పైకొమ్మను వేఱొక గూడు కట్టినవి. పాత గూటి మొగము చూడలేదు. మూడవ గ్రుడ్డు నేటి యుదయమున పెట్టినది.

మామయ్య: జెముడుకాకి మాట నీ వెత్తినది మంచిదైనది, అక్కయ్యా. బావగారూ, ఆనాడు నేను తూర్పుగట్టున మడవ మార్చుచుంటిని. పికిలులు రెండును అఱచిన యఱపు విని పాఱ విడిచి పరుగెత్తి వచ్చితిని. వచ్చి చూతును గదా, మీరీ వసారాలోనే నిలువబడి చూచుచున్నారు! రాయి తీసికొనిన పిల్లవాని చేయి పట్టి యాపినారు. మట్టిపెల్ల విసరినవాడను నేను. మీ ప్రేమ గ్రంథములలోని పిట్టపైననా, కొమ్మమీది పిట్టపైననా?

నాన్నగారు: నిలువబడి చూచితిని, నిజము. సుఖముగ చూచితినని యనుకొనవలదు. జెముడుకాకికిని ఆ వెదురుపొదలో గూడున్నది, అందును నోళ్లు తెఱచిన పిల్లలున్నవి. ఒక యాకలిని గెలిపించి వేఱొక యాకలిని తఱుముటకు నే నెవడను? ఏటికి రెండు మూడు మారులు గూడు కట్టి, మారునకు రెండు మూడు గ్రుడ్లు పెట్టుచు, పంజరములో పెంచినచో పదునొకండేండ్లవఱకు బ్రదుకగల పక్షి. పిల్లలన్నియు దక్కినచో కొన్ని యేండ్లకే నీ తోటలో ఆకు కనబడదు. తఱచు గూళ్లు చెడుటయే జరుగును. ఏ ఒకటియో అరయో నిలుచును. దానికి లెక్క యెవడో వేసియున్నాడు. నేను రాయి విసరి ఆ లెక్క దిద్దజాలను.

మామయ్య: మంచిది. ఆ ధర్మమే నాకును చెప్పుడు. జెముడుకాకి తన పిల్లలకై పికిలిపిల్లను చంపుట ప్రకృతియైనచో, నా పిల్లలకై నేను వల కప్పుట ప్రకృతి కాదా? నేటి యుదయమున అక్కయ్య కత్తెర తీసికొనిపోవునప్పుడు ఆమె చేయి పట్టి మీరేల ఆపలేదు?

నాన్నగారు ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేకపోయిరి. ఆయన యట్లు తడుముకొనుట నే నంతకు ముందు చూచి యెఱుగను. చూరునీరు రాలు చప్పుడు వినబడుచుండెను.

నాన్నగారు: ఆపలేదు. ఆపుదమని తోచను లేదు. ఎందుచేతనో నీవడిగిన పిదప ఆలోచించుచున్నాను. జెముడుకాకి ఆకలి తీరిన వెనుక వచ్చినదారిని పోవును, బావా. నీ వలకు ఆకలి తీరుట లేదు. రాత్రియు పగలును, నీవు నిద్రించునప్పుడును, పండు కోసి బజారునకు పంపిన తరువాతను, అది నోరు తెఱచుకొనియే యుండును. పికిలిని పట్టును, పట్టవలదని నీవనుకొను పాలపిట్టనును పట్టును. పట్టినదానిని తినను తినదు. దానికిని కాకికిని భేదము నా కచ్చట కనబడుచున్నది.

మామయ్య: పగలు కప్పి రాత్రి తీయుదమన్నచో రాత్రి గబ్బిలములు వచ్చును. అవి పికిలికి పదింతలు.

నాన్నగారు: తీయుమని యనలేదు. వదులుగ కొమ్మలపై పఱచినందున దారము వ్రేలాడి పిట్ట మెడకు చుట్టుకొనుచున్నది. నాలుగువైపుల వెదుళ్లు పాతి, పందిరివలె బిగించి లాగి కట్టినచో పిట్ట తగిలి వెనుకకు మఱలును గాని చిక్కుపడదు. నీ పండును దక్కును.

మామయ్య: పది చెట్లకు వెదుళ్లెన్ని కావలెనో, కొట్టించి తెప్పించుటకు బండికూలి యెంతయో తెలిసియే చెప్పుచున్నారా?

నాన్నగారు: సగము నేనిత్తును.

మామయ్య ఒప్పుకొనలేదు, కాదననులేదు. వలను మడిచి ప్రక్కన పెట్టి, నేను మఱువజాలని మాట యొకటి చెప్పినాడు. ఈ సంవాదమును వ్రాయవలెనని నాకు తోచుటకు కారణ మా మాటయే.

మామయ్య: మీ రిద్దఱును నన్ను నిర్దయునిగ చూడవలదు. దానికిని నాకును పోరున్నమాట నిజము, పండున్నంతకాలముండును. అది పండుకడకు వచ్చినప్పుడు నేను డబ్బా వాయింతును, ఒడిసెల త్రిప్పుదును, వల కప్పుదును. కాని పోరు పండుకడ, గూటికడ కాదు. గ్రుడ్లమీద కూర్చున్నది నాకు శత్రువు కాదు. అందుకే నాడు మట్టిపెల్ల విసరితిని. మీరు ప్రకృతియని నిలిచిరి. నాకంత చదువు లేదు. కన్నులయెదుట నొక తల్లి యఱచుచుండగా నా కాళ్లు నిలువలేదు.

నాన్నగారు దీనికి సమాధానముగ జెముడుకాకి పొదను గుఱించి మరల ఎత్తుకొనిరి. మామయ్య మరల పండ్ల లెక్క తీసినాడు. చాలసేపు మాటలు చెప్పుకొన్నదే చెప్పుకొనుచు సాగినవి. వానిని వ్రాయను. అమ్మ లేచి లాంతరు వెలిగించి కొక్కెమునకు తగిలించినది. మామయ్య వలను భుజమునకెత్తుకొని మెట్టు దిగుచు, నిమ్మచెట్టు వైపు చూచి యాగెను. ఆ చెట్టు కొమ్మ యొకటి పశువులకొట్టముపై వంగి పెంకులను త్రోయుచుండుటచే, దానిని కొట్టించుటకు మనిషిని పంపుదునని ఆయన యంతకు వారము ముందే చెప్పియుండెను.

మామయ్య: అక్కయ్యా, ఆ కొమ్మ కొట్టుటకు రేపు మనిషిని పంపుదుననుకొంటిని. గూ డున్నది ఆ కొమ్మనేనా?

అమ్మ: దాని మొదటనే. గొడ్డలి తగిలినచో చెట్టంతయు అదరును.

మామయ్య: మూడవ గ్రుడ్డు నేడు పెట్టినదంటివి. పొదుగుట పదునాలుగు, గూటిలో పండ్రెండు. ఇరువదియాఱు దినములు.

వ్రేళ్ల కణుపులపై బొటనవ్రేలితో లెక్కించుచు ఆయన వాకిటిలోనే నిలిచెను. పంచమి, షష్ఠి, సప్తమి; పున్నమ; బహుళము; అమావాస్య; భాద్రపద శుద్ధ పాడ్యమి.

మామయ్య: పాడ్యమికి పోవును. చవితికి పత్రి కోయువారు చెట్లమీద పడుదురు గదా, అప్పటికి పిల్లలు గూడు విడిచియుండును. పంచమినాడు పంపుదును. అంతవఱకు పెంకులు జాఱిన జాఱనిండు. వెదుళ్ల మాట తరువాత చూతము, బావగారూ.

నాన్నగారు ఏదో చెప్పబోయిరి. తూర్పున మరల వాన పట్టినది. మామయ్య వలను తలపై కప్పుకొని జామచెట్లలోనికి పరుగెత్తినాడు. అమ్మ లాంతరు చేతపట్టుకొని, పికిలి గూటిలో నున్నదో లేదో చూచుటకు నూతిగట్టువఱకు పోయినది.